మెట్ల కింద మూటలు

మేడ మెట్లెక్కేటప్పుడు కాళ్ల కింద ఎవరో దగ్గినట్టు వినిపిస్తే ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడేవారు. ఇంట్లోవాళ్లు మాత్రం అల్లుడున్నాడులే అనేసి వాళ్ల పనిలో వాళ్లుండేవారు. నిజంగానే ఆ మెట్ల కింద అల్లుడు ఉండేవాడు. ఒకప్పుడు విరిగిన కుర్చీలూ చిరిగిన గొడుగులూ పడేసుకున్న చోటు అది. కిటికీ లేదు. తలుపు దగ్గర మనిషి నిటారుగా నిలబడవచ్చు గానీ, లోపలికి పోయేకొద్దీ మెట్లతోపాటు కప్పు కూడా కిందికి దిగివస్తుంది. వంగి, ఇంకా వంగి, కుర్చీలో చతికిలబడితే ఇక లేవకుండా ఉండటమే నడుముకి మంచిది. ఎదురుగా బల్లమీద పాతకాలపు ఇంటి కంప్యూటరు. మీటలూ యంత్రమూ ఒకే పెట్టెలో ఇమిడిపోయిన రకం. దానికి తెరగా ఒక ముసలి టీవీ, పక్కన ఫ్లాపీని మింగే సందు.

వీధిలో అందరూ అతన్ని మూటల అల్లుడు అనేవారు. ఆ పేరు విని, పాపం బట్టల మూటలు మోస్తాడు కాబోలు అని జాలిపడ్డవాళ్లు కూడా ఉన్నారు. అతను మోసేది ఏమీ లేదు. కట్టడం, విప్పడం, అంతే.

మామగారిది స్వెట్టర్ల పని. కింది హాలంతా అల్లిక మిషన్లే. పెద్ద మిషను మీద అత్తగారు, చిన్నవాటి మీద జీతానికి వచ్చే ఆడవాళ్లు ఇద్దరు, గుమ్మం పక్కన పీట వేసుకుని బొత్తాలు కుడుతూ అల్లుడి భార్య. మెట్ల కింద గదిలోంచి ఒక నల్లటి తీగ గోడ వెంట పాకి అత్తగారి మిషనులోకి దూరేది. ఏ వరసలో ఏ సూదికి ఏ రంగు దారం పడాలో కంప్యూటరు ఆ తీగలోంచి చెబుతుంది, అత్తగారు మిషను సూదుల మీద జారే పిడిని, అదే క్యారేజీని, అటూ ఇటూ లాగుతుంది, స్వెట్టరు మీద జింకలూ ఆకులూ దిగుతాయి. తయారైన సరుకుని బావమరిది వ్యానులో వేసుకుని దుకాణాలకు చేరవేస్తాడు. మామగారు పెత్తనం చేస్తాడు.

అల్లుడు పుట్టుకతో మెట్ల కింద మనిషేమీ కాదు. కొలతల ఆఫీసులో పటాలు గీసేవాడు. టేపు పట్టుకుని వీధివీధీ నడిచి, ఏ మలుపు ఎంత వంకరో, ఏ గోడ ఎంత ముందుకొచ్చిందో చూసొచ్చి కాగితం మీద పెట్టేవాడు. ఆ ఆఫీసు మూతపడింది. మరో పని దొరికేదాకా అని భార్యతో అత్తవారింటికి వచ్చాడు. కొన్నాళ్లకని వచ్చినవాడు కొన్నేళ్లు ఉండిపోయాడు.

అలా ఉండిపోయిన అల్లుడి మర్యాద ఎలా కరుగుతుందో చూడాలంటే మామగారి పిలుపు వింటే చాలు. వచ్చిన కొత్తలో అల్లుడుగారూ అని నోరారా పిలిచేవాడు. కొంతకాలానికి గారు జారిపోయి అల్లుడూ మిగిలింది. ఆ తర్వాత ఏమోయ్. ఒకరోజు ఏ పిలుపూ లేకుండా చిటిక వేశాడు. ఆ చిటిక విన్న భార్య సూది వేలిలో గుచ్చుకుని, ఆ సాకుతో లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ చిటికలు పడే రోజుల్లోనే అతను ఎవరో వదిలించుకున్న కంప్యూటరుని ఇంటికి తెచ్చి, అత్తగారి మిషనుకి కలిపాడు. పటాలు గీసిన చెయ్యి కాబట్టి డిజైన్లు బాగా గీశాడు. దుకాణాలవాళ్లు అడిగి మరీ కొన్నారు. మొదట్లో ఒక్కో డిజైను బొమ్మకి ఒక్కో ఫ్లాపీ. తర్వాత బజారులో ఫ్లాపీలు దొరకడం మానేశాయి. ఉన్నవాటితోనే సర్దుకోవాలి. అప్పుడు నేర్చాడు మూటలు కట్టడం.

అదేమిటని అత్తగారు అడిగితే ఆవిడ పనిలోంచే చెప్పాడు. ఒక వరసలో తెలుపు, తెలుపు, తెలుపు అని నలభైసార్లు రాసుకోవడమెందుకు, నలభై తెలుపు అని ఒక్కసారి రాసుకుంటే సరిపోదా? ఆ తర్వాత మూడు ఎరుపు. జింక కొమ్ము ఒకసారి వచ్చి మళ్లీ ఇంకో మూల వస్తే, కొమ్మంతా తిరిగి గీయకుండా ఇందాకటి కొమ్మే అని గుర్తు పెట్టుకుంటే సరిపోదా? కంప్యూటరు అలా నొక్కి నొక్కి ఒక చలికాలం డిజైన్లన్నిటినీ ఒకే మూటగా కడుతుంది. అత్తగారు అంతా విని, నువ్వు ఒక్కసారి రాసుకున్నా అల్లేటప్పుడు ఆ నలభై నేను అల్లాల్సిందేగా అంది. అదేనండీ విప్పడమంటే అన్నాడు అతను. ఆవిడకి అర్థమైంది. నేర్చుకుంటావా అని మాత్రం ఆవిడని ఎవరూ అడగలేదు. మిషను ముందు నుంచి ఆవిడ లేస్తే ఇల్లు గడవదు.

ఎంత నొక్కినా ఒక చలికాలం మూట ఒక్క ఫ్లాపీలో పట్టదు. మూడు నాలుగు ఫ్లాపీల మీదికి పారుతుంది. ఏ డిజైను ఎక్కడ మొదలైందో ఆ జాడంతా కంప్యూటరు చిట్టచివర, ఆఖరి ఫ్లాపీలో రాసుకుంటుంది. అందుకే విప్పేటప్పుడు ముందుగా ఆఖరిదాన్నే అడుగుతుంది. తెలియనివాడు మొదటిది పెట్టి ఎంతసేపు కూర్చున్నా ఉలకదు పలకదు. ఈ ఆఖరి ఫ్లాపీలకు అతను తోకలని పేరు పెట్టుకున్నాడు. మిగతావన్నీ బల్లమీద పెట్టెలో అందరికీ కనబడేలా ఉండేవి. తోకల్ని మాత్రం దుమ్ము పడకుండా పై అరలో బిస్కెట్ల డబ్బాలో దాచాడు.

దాచింది దుమ్ముకే. కానీ ఒకరోజు అతను ఊళ్లోకి వెళ్లినప్పుడు మామగారు ఆత్రపడి తానే విప్పబోయాడు. ఉన్న ఫ్లాపీలన్నీ మార్చి మార్చి పెట్టి, టీవీ నెత్తిన రెండు మొట్టి, చమటలు కక్కి ఓడిపోయాడు. అల్లుడు తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఎదురుపడి, అల్లుడుగారూ, కాస్త ఇలా వస్తారా అన్నాడు. పోయిన గారు ఎన్నేళ్లకో తిరిగొచ్చింది. ఆ పూట నుంచి బిస్కెట్ల డబ్బా పై అర దిగలేదు.

మామగారికి మూటలంటే మోజు కూడా పుట్టింది. ఒకసారి నొక్కితే ఇంత చిన్నదైంది కదా, దాన్నే మళ్లీ నొక్కితే ఇంకా చిన్నదవదా అని పట్టుబట్టాడు. కాదంటే వినేరకం కాదని అల్లుడు మూటని ఇంకో మూటలో కట్టి చూపించాడు. వెంట్రుకవాసి పెద్దదైంది. నొక్కాల్సిందంతా మొదటే నొక్కేశామండీ, రెండోసారి కలిసేది మూటగుడ్డ బరువే అని చెప్పాడు. మామగారు నమ్మలేక చాలాసేపు తెర వంక చూశాడు. గుమ్మం దగ్గర భార్య మాత్రం తెర వంక చూడలేదు. కప్పు తగలకుండా వంచీ వంచీ మొగుడి మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. దాన్ని చూసింది.

ఇలా ఉండగా నీళ్ల ఆఫీసులో పటాలు గీసేవాడు కావాలని కబురొచ్చింది. ఊళ్లో పాత గొట్టాలు ఏ వీధి కింద పోతున్నాయో ఎవరికీ తెలియడం లేదు, నడిచి కొలిచి గీయాలి. నడవడం అన్న మాట వినగానే అతని మొహం వెలిగింది. భార్య ఇంకో అడుగు ముందుకేసి, ఆ ఆఫీసు వెనక సందులో అద్దెకిచ్చే రెండు గదులు చూసొచ్చింది. ఒక గదికి వీధివైపు కిటికీ ఉందని మొగుడికి చెప్పి, కిటికీ ఎంతుంటుందో చేతులు చాపి చూపించింది. ఒకటో తారీఖుకల్లా చేరాలి.

మామగారు కాదనలేదు. కాదంటే పోట్లాడవచ్చు. వెళ్లండి అల్లుడుగారూ, మిమ్మల్ని కట్టేసుకుంటామా, డిజైన్లన్నీ విప్పి మా చేతిలో పెట్టి సుఖంగా వెళ్లండి అన్నాడు. న్యాయమైన మాటే. విప్పి ఎక్కడ పెట్టాలి? మూట విప్పితే దానిలోవన్నీ మళ్లీ వాటి అసలు ఒళ్లంత అవుతాయి. అన్నిటికీ ఫ్లాపీలు లేవు, ఆ కంప్యూటరు పొట్టలో అంత చోటూ లేదు. ఆర్డరు వచ్చినప్పుడల్లా ఆ ఒక్క డిజైనునే బయటికి తీసి, పని కాగానే చెరిపేయడమే దారి. అంటే ప్రతి ఆర్డరుకీ ఆ కుర్చీలో ఒక మనిషి ఉండాలి. వదిలేసి పోతే అత్తగారి మిషను ఆగుతుంది, దాని వెనకే ఇల్లూ.

అయితే మావాడికి నేర్పండి అన్నాడు మామగారు. అంటూనే ఇంకోమాట కూడా కలిపాడు. వాడు కుర్చీలో కూర్చుంటే ఇక ఆ వ్యాను దండగ, సరుకు దుకాణాలవాళ్లే వచ్చి పట్టుకుపోతారు, అమ్మిపారేస్తాను. బావమరిది వ్యాను తాళాన్ని జేబులోంచి తీసి చూసుకుని మళ్లీ జేబులో వేసుకున్నాడు.

పాఠాలు మొదలయ్యాయి. బావమరిది మంచి పొడగరి. ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా తల కప్పుకి కొట్టుకుని, మెట్లని తిట్టి, అప్పుడు కూర్చునేవాడు. తోక ముందు పెట్టరా అంటే తలకాయ పెట్టేవాడు. ఫ్లాపీని తిరగేసి తోసేవాడు. అవునా కాదా అని తెర అడిగితే, ఏమో బావా, నువ్వే చెప్పు అనేవాడు. డిజైను పేరు కొట్టమంటే తన పేరు కొట్టేవాడు. అల్లుడు కోపం దిగమింగుకుని మళ్లీ మొదటికొచ్చేవాడు. అత్తగారు క్యారేజీ ఆపి వింటూ, గాడిదకి సంగీతం నేర్పడం ఇంతకన్నా తేలికని జీతం ఆడవాళ్లతో అని నవ్వించేది. భార్య నవ్వేది కాదు. నెలాఖరు ముంచుకొస్తోంది.

ఆఫీసులో కాగితాలు చూపించాల్సిన రోజు అల్లుడు పొద్దున్నే బయల్దేరాడు. దారిలో కుండపోతగా వాన. పని అయ్యాక కూడా కాసేపు నీళ్ల ఆఫీసు వరండాలోనే నిలబడిపోయాడు. లోపలి గోడకి ఊరి పటం వేలాడుతోంది. సగం వీధులు అసలు దాని మీద లేనే లేవు. ఆ ఖాళీలు చూస్తుంటే అతనికి కాళ్లు దురదపెట్టాయి. ఒకటో తారీఖున వచ్చేస్తానని మాటిచ్చి, తడుస్తూనే ఇంటిదారి పట్టాడు.

గేటు తీస్తుండగానే అత్తగారి మిషను చప్పుడు వినిపించింది. రెండు వరసలకొకసారి టక్కుమని రంగు మారే చప్పుడు. జింకల డిజైనుది తప్ప ఇంకదేనిదీ ఆ చప్పుడు కాదు. అతను గేటు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. ఆ డిజైను మూటలో ఉంది. తోక డబ్బాలో ఉంది. తను ఇక్కడున్నాడు.

లోపలికి వెళ్తే అత్తగారు, అతను వెళ్లిన కాసేపటికి దుకాణం నుంచి కబురొచ్చిందని చెప్పింది. సాయంత్రానికి జింకల స్వెట్టర్లు అందకపోతే ఈ ఏటికి ఇంక వద్దన్నారట. ఏం చేయాలో తోచక కూర్చుంటే, మిషను దానంతటదే దీపం వెలిగించి సిద్ధమైపోయిందట. నువ్వు వెళ్తూ ఏదైనా చేసిపెట్టావేమో అనుకున్నాను నాయనా అంది. మామగారు మేడ మీద కునుకు తీస్తున్నాడు.

అల్లుడు వంగి తన గదిలోకి వెళ్లాడు. కుర్చీ బాగా వెనక్కి, పొడుగు కాళ్లకి సరిపడేలా జరిపి ఉంది. ఫ్లాపీలు సరైన వరసలోనే ఉన్నాయి. బిస్కెట్ల డబ్బా మూత మీద నల్లగా, ఇంజను నూనె బొటనవేలి ముద్ర.

వ్యాను వెనక సందులో ఉంది. బావమరిది స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. అల్లుడు తడిబట్టలతోనే పక్కసీట్లోకి ఎక్కి తలుపు వేశాడు.

"ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వే. నీ వెనకాల నుంచుని అన్ని టీలు తాగాను, ఊరికే తాగాననుకున్నావా? ముందు తోక, ఆ తర్వాత అది ఏదడిగితే అది. గేర్లు మార్చడం ఇంతకన్నా కష్టం బావా."

"మరి ఇన్నాళ్లూ వేసిన వేషాలు?"

"వేషాలు కాదు, ప్రాణభయం. నాకొచ్చని తెలిసిన రోజు నాన్న దీనికి బేరం పెడతాడు." స్టీరింగుని అరచేత్తో తడిమాడు. "ఆ గదిలో నేను రోజంతా ఉండగలనా? నా తలెక్కడ పెట్టుకోను?"

ఇన్నేళ్లూ తన తల ఎక్కడ పెట్టుకున్నాడో అల్లుడు చెప్పలేదు. ఇవాళ ఎందుకు విప్పావని మాత్రం అడిగాడు. బావమరిది అద్దం మీద జారే వాననీళ్ల వంక చూస్తూ, నెమ్మదిగా అన్నాడు.

"అమ్మ ఉత్త సూదులు తుడుస్తోంది బావా. తుడిచినవే తుడుస్తోంది. చూడలేకపోయాను."

తర్వాత, చెప్పేస్తావా అని అడిగాడు. బావా అని కూడా అనలేదు. అల్లుడు తలుపు తీసుకుని దిగిపోయాడు.

సాయంత్రం సరుకు వ్యానులోకి ఎక్కుతుంటే మామగారు మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. జింకల స్వెట్టరు ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. హాల్లో అందరూ ఉన్నారు.

"అల్లుడుగారూ, మీరు ఊళ్లో ఉన్నారు. మావాడికి రాదు. మరి ఈ జింకలు ఎలా దిగాయంటారు?"

గుమ్మం పక్కన భార్య చేతిలో సూది ఆగింది. బావమరిది గుమ్మం బయట వంగుని వ్యాను చక్రంలో గాలి ఎంతుందో చూస్తున్నట్టు నొక్కుతున్నాడు. అల్లుడికి నీళ్ల ఆఫీసు గోడ మీది పటం కళ్ల ముందు కదిలింది. ఒక్క మాట. మీవాడికి వచ్చు. ఆ మాట అంటే కిటికీ ఉన్న గది, వీధులు, నిటారుగా ఉండే మెడ. ఆ వంగిన పొడుగాటి వీపు వంక చూశాడు. అది అలా వంగి ఉండటం అతనికి బాగా తెలిసిన వాటం.

"పొద్దున వెళ్లేముందే విప్పి పెట్టాను మామయ్యగారూ. దుకాణం ఆయన అడుగుతాడేమోనని అనుమానమొచ్చింది."

మామగారి మొహం చేటంత అయింది. చూశారా, అడక్కముందే కనిపెట్టాడు, ఇలాంటి మనిషిని పోనిస్తే నాకన్నా వెర్రివాడుంటాడా అని జీతం ఆడవాళ్లకు కూడా వినబడేలా అన్నాడు. నీళ్ల ఆఫీసు సంగతి వచ్చే ఏడు చూద్దాం లెండి అని భుజం తట్టాడు. ఆ చెయ్యి వేసిన చోట అల్లుడికి బరువుగానే ఉండిపోయింది.

భార్యకి అంతా తెలుసు. పొద్దున అతన్ని గేటుదాకా సాగనంపింది ఆమే, అతను మెట్ల కింద గదిలోకి అడుగే పెట్టలేదని ఆమెకి తెలుసు. మేడ మీద గదిలో స్వెట్టర్లు మడతపెడుతూ మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"మా తమ్ముడి మీద జాలిపడ్డారు. మంచిదే. నా మీద కూడా కాస్త పడి ఉండాల్సింది."

అతను, ఆ కుర్చీలో ఇంకొకడిని కూర్చోబెట్టి నేను ఆ కిటికీలోంచి ఏం చూడను అన్నాడు. ఆమె చేతిలో మడత పూర్తి చేసి, దొంతర మీద పెట్టి, దీపం కోసం అవతలి గదిలోకి వెళ్లింది.

ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. నీళ్ల ఆఫీసువాళ్లు వేరే కుర్రాణ్ని పెట్టుకున్నారు. ఆ వారమంతా మెట్ల కింద నుంచి దగ్గు తప్ప ఇంకేమీ వినబడలేదు. అన్నానికి పిలిచినా ఆలస్యంగా వచ్చేవాడు. భార్య వడ్డించి బొత్తాల దగ్గరికి వెళ్లిపోయేది.

ఒక మధ్యాహ్నం, మామగారు మేడ మీద నడుం వాల్చిన వేళ, బావమరిది టీ గ్లాసుతో వచ్చాడు. అలవాటుగా తల కొట్టుకున్నాడు. గ్లాసు బల్లమీద పెట్టి, లే బావా అన్నాడు. అల్లుడు అర్థంకాక చూశాడు. బావమరిది వ్యాను తాళం అతని చేతిలో పెట్టి, సరుకు ఎక్కించాను, నాలుగు దుకాణాలు తిరిగి రా, ఇవాళ్టి ఆకుల డిజైను నేను తీస్తాను అన్నాడు. మెడ ముడుచుకుని కుర్చీలో ఇరుక్కున్నాడు. నాన్న పిలిస్తేనో అని అల్లుడు గొణిగితే, గొంతు సవరించుకుని అచ్చం అల్లుడిలాగే దగ్గి చూపించాడు. అల్లుడికి నవ్వొచ్చింది. చాలా రోజులకి.

వెనక సందులోంచి వ్యాను బయటికి తీశాడు. దుకాణాల్లో సరుకు దించేశాక, ఇంటికి దారి కాని దారిలో తిప్పాడు. నీళ్ల ఆఫీసు దాటాక ఒక మలుపులో ఆ కొత్త కుర్రాడు ఒంటరిగా టేపుతో కుస్తీపడుతున్నాడు. ఒక కొస రాయి కింద పెట్టి రెండోది లాగితే రాయి దొర్లిపోతోంది. అల్లుడు వ్యాను ఆపి దిగి, ఆ కొస పట్టుకున్నాడు. ఆ వీధి చివరిదాకా కొలిచారు. తర్వాతి వీధికి కూడా వస్తారా అని కుర్రాడు అడిగాడు. అల్లుడు ఎండ వంక చూసి, మామగారు లేచే వేళైందని గుర్తొచ్చి, టేపు కొస అతని చేతిలో పెట్టి వ్యానెక్కాడు.

ఇల్లు చేరేసరికి మామగారు పై మెట్టు మీద నిలబడి, అల్లుడుగారూ, ఆకులది విప్పారా అని కేకేస్తున్నాడు. కాళ్ల కింద నుంచి దగ్గు వినిపించింది. ఆయన తృప్తిగా వెనక్కి తిరిగాడు. హాల్లో అత్తగారు క్యారేజీ లాగుతూనే అల్లుడి బురద కాళ్ల వంక చూసింది, మెట్ల కింద తలుపు వంక చూసింది, మళ్లీ తన వరసలో పడింది.

అలా వారానికి ఒకటి రెండుసార్లు. అంతకన్నా అయితే బయటపడుతుంది.

ఒక సాయంత్రం అల్లుడు పై అర మీది బిస్కెట్ల డబ్బా దించాడు. తోకల్ని ఒక్కొక్కటే తీసి, బల్లమీద పెట్టెలో వాటి వాటి మూటల చివర దోపాడు. ఎవరైనా చూసి తీసుకోగలిగేలా పెద్ద అక్షరాలతో తోక అని రాసి అంటించాడు. ఖాళీ డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. భార్య ఒళ్లో బొత్తాలు పోసుకుని రంగుల వారీగా ఏరుతోంది.

"ఇవి పోసుకో," అన్నాడు.

ఆమె డబ్బా వంక, ఆ తర్వాత అతని వంక చూసింది. దానిలోవి ఏమయ్యాయి అంది. పెట్టెలో పెట్టేశానన్నాడు.

"నాన్న విప్పేసుకుంటే?"

"విప్పుకోనీ."

"అప్పుడు మళ్లీ చిటికలే."

అవునన్నట్టు తలూపాడు. ఆమె ఒళ్లోని బొత్తాలు చేటతో ఎత్తినట్టు ఎత్తి డబ్బాలో గలగలా పోసింది. అద్దెకిచ్చే ఆ గదులు ఇంకా ఖాళీగానే ఉన్నాయట అని, అతని వంక చూడకుండా, సూదిలో దారం ఎక్కిస్తూ అంది. పై మెట్టు మీద నుంచి మామగారి పిలుపు వినబడింది. అల్లుడు దగ్గి, తల వంచుకుని లోపలికి వెళ్లాడు.